అడుగు లెక్క

మా నాయన గుర్రప్ప బావి తవ్వితే
ముప్పై అడుగుల్లోపే నీళ్లు చెప్పేవి,
ఇంక పైకి పోరా అని.
పలుగు భుజాన పెట్టుకుని
తడికాళ్లతో పైకొచ్చేవాడు.
ఆ రాత్రి ఆసామి ఇంట్లో రాగిముద్ద, కోడికూర.
నీళ్లు పడినాక ఇంకో అడుగు తవ్వమని
ఎవరూ అడిగిన గుర్తు లేదు నాకు.

నేను రిగ్గు లారీ ఎక్కినాను.
సర్జాపుర రోడ్డులో పళనియప్పన్ కంపెనీ.
రాడ్డు దిగినప్పుడల్లా నోటుబుక్కులో గీత గీయడం నా పని.
అడుగుకింత అని రేటు.
పెళ్లైన కొత్తలో రెండొందల యాభై.
పెద్దోడు పుట్టిన ఏడు ఆరొందలు.
వాడు పదో తరగతి తప్పిన ఏడు పదకొండొందలు.
నీళ్లు ఎంత కిందికి పోతే
ఓనరు అంత పైకి పోయినాడు.
ఒక రిగ్గు తొమ్మిదైంది.
ఆయుధపూజ నాడు బూడిదగుమ్మడి పగలగొట్టి
ఈసారి ఎదుగుదల ఇరవై శాతమని
మైసూరుపాకు పంచినాడు.
నేనూ తిన్నాను. అబద్ధమెందుకు, నెయ్యి బాగుంది.
మా ఇంటికి సిమెంటు కప్పు పడింది ఆ అడుగులతోనే.

మొన్న ఎండాకాలం
వర్తూరు పక్కన అపార్ట్‌మెంట్లో
పదహారొందల నలభై.
గొట్టంలోంచి జల్లించిన పిండిలాంటి దుమ్ము.
రాత్రి రెండైనా అదే దుమ్ము,
బాల్కనీల్లో ఆరేసిన బడిబట్టల మీద,
సెక్యూరిటీ మునిరాజు టీ గ్లాసులో,
నా రెప్పల మీద.
మీటరు మాత్రం ఆగలేదు.
దుమ్ముకీ అడుగుకింతే.

ఆదివారం వాళ్ల మీటింగు.
బాకీ డబ్బుల కోసం నేనూ ఒక మూల నిలబడినాను.
ఇంకో రెండొందలు దించుదామన్నాడు ఒకాయన.
ట్యాంకర్లు పెంచుదామన్నాడు ఒకాయన.
ఫ్లాటు ధర పడిపోతుందని ఒకామె కళ్లు తుడుచుకుంది.
అప్పుడు లేచింది భ్రమరాంబమ్మ,
జలమండలిలో లెక్కలు రాసి రిటైరైన మనిషి.
వాళ్లవైపు కాదు, నావైపు తిరిగింది.
"ఎల్లప్పా,
వాన ఇచ్చినంతలోనే బతకాలంటే
మేం ఏమేం మానుకోవాల?"

ముప్పై ఏళ్లలో నన్ను
ఎంత లోతు అని అడిగినోళ్లే అందరూ.
ఎంత చాలు అనే మాట చెవిన పడలేదు.
నోరు పెగల్లేదు నాకు.
పదహారొందల అడుగుల కింద కూడా దొరకని తడి
నాలిక కింద ఎక్కడో ఊరింది.

అంతా సులువుగా అయిందని కాదు.
మూడు మీటింగులు, ఒక పోలీసు కంప్లయింటు.
ఇద్దరు ఫ్లాట్లు అమ్ముకుని పోయినారు.
ఈతకొలను ఎండబెడితే
పిల్లలు అందులో క్రికెట్టు మొదలుపెట్టినారు,
లోతుండే వైపు కొడితే ఫోరు.
కార్లు మట్టితోనే ఆఫీసుకు పోతున్నాయి.
రెండో టవరు వద్దనుకున్నారు.
దానికోసం తీసిన పునాది గుంతలో
ఇప్పుడు నేనూ, చిన్నోడూ
ఇంకుడుబావి తవ్వుతున్నాం.

రిగ్గు దిగినాక సంపాదన సగమైంది.
ఆ మిగతా సగం సంగతి రత్నమ్మను అడగండి,
చీటీ కట్టేది తను.
పెద్దోడు మాత్రం అదే రిగ్గు మీద ఉన్నాడు,
మాగడి వైపు ఎక్కడో, పద్దెనిమిదొందల కాడ.
ఫోను చేస్తే మోతలో మాట వినపడదు.

భాద్రపదంలో నాలుగు వానలు పడినాయి.
నిన్న ఇరవై ఆరో అడుగున
పలుగు దిగిన చోట మట్టి నల్లబడింది.
చెయ్యి పెడితే చల్లన.
చూస్తుండగానే జానెడు.
"ఇంకో అడుగు తీద్దామా నాయనా?" అన్నాడు చిన్నోడు.
వాడి చేతిలో పలుగు తీసుకుని
తాడు చూపించినాను.

ఇంటికొచ్చేసరికి
అలికినట్టు తుడిచిన గచ్చు మీద
గడప నుంచి వంటింటి దాకా నా తడి అడుగులు.
రత్నమ్మ కసిరింది.
చిన్నోడు వంగి లెక్కపెట్టి
"తొమ్మిది. వీటికి రేటెంత?" అని
పగలబడి నవ్వినాడు.